విజయనగరం వీధుల కింద మా సీసం కేబుళ్ళు

1981లో నేను పోస్ట్స్ అండ్ టెలిగ్రాఫ్స్‌లో (అప్పట్లో టెలిఫోన్లు కూడా ఆ డిపార్ట్‌మెంటువే) రోజుకూలీ మజ్దూరుగా చేరినప్పుడు నా పని ఫోన్ కేబుళ్ళ కోసం గొయ్యి తవ్వడం. అందులో దిగి కూర్చుని అసలు పని చేసేది వేరే ఆయన. గొయ్యి తవ్వడానికి చదువేం కావాలని అనుకున్నాను గానీ, మొదటి వారంలోనే దానికీ పద్ధతి ఉందని తెలిసింది. మా ఎర్ర గరప నేలలో గునపం మోకాలి లోతు వరకే దిగాలి. ఆ తర్వాత పార. కేబుల్ మీద పరిచిన ఇటుకలు కనపడ్డాక పార కూడా పక్కన పెట్టి చేతులతో మట్టి తియ్యాలి. పెద్ద కేబుల్ దాదాపు ఒక మీటరు లోతున ఉండేది. ఆ ఇటుకలు కేబుల్‌ని బరువు నుంచి కాపాడటానికి కాదు. "కింద ఏదో ఉంది, ఆగరా బాబూ" అని తవ్వేవాడికి చెప్పడానికి. మా వాళ్ళు తప్ప ఆ మాట విన్నవాళ్ళు తక్కువ.

ఇప్పటి పిల్లలకి కేబుల్ అంటే ఇంట్లోకొచ్చే సన్నటి ఫైబర్ తీగ. మేం చూసినవి వేరు. రాగి తీగకి కాగితం చుట్టి, అలాంటి తీగలు రెండేసి మెలిపెట్టి ఒక పెయిర్ చేస్తారు. ఒక ఫోన్‌కి ఒక పెయిర్. అలా వంద, రెండొందలు, నాలుగొందలు, ఎనిమిదొందల పెయిర్లు కట్టగట్టి, మీద సీసపు తొడుగు, దాని మీద తారు జనపనార, ఇనుప పట్టీలు. తీగ మందాన్ని మిల్లీమీటర్లలో కాదు, పౌండ్లలో చెప్పేవాళ్ళు. ఒక మైలు తీగ ఎన్ని పౌండ్లు తూగితే అన్ని పౌండ్ల కేబుల్. ఆరున్నర పౌండ్లు అంటే అర మిల్లీమీటరు తీగ, ఊళ్ళో పంచడానికి వాడేది. దూరం పోయేదానికి పది పౌండ్లు, ఇరవై పౌండ్లు. తెల్లవాళ్ళు పోయిన ముప్ఫై ఏళ్ళకీ స్టోరులో మా లెక్కలు పౌండ్లలోనే నడిచేవి.

లోపల ఉన్నది ఉత్త కాగితం. నూనె లేదు, జిగురు లేదు. ఎండిన కాగితం, దాని మధ్య గాలి. మాట స్పష్టంగా పోవడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఆ రోజుల్లో లేదు. కానీ సీసానికి సూది మొన పట్టేంత చిల్లు పడితే చాలు, కాగితం నీళ్ళు పీల్చుకుంటుంది. ఒక పెయిర్‌తో ఆగదు, మీటర్ల కొద్దీ పాకుతుంది.

గోతిలో కూర్చుని కేబుళ్ళని అతికే మా జాయింటర్ని అందరం సీసం తాత అనేవాళ్ళం. సొంతూరు పాలకొండ దగ్గర పల్లె. పనిలోకి వచ్చింది మాత్రం కలకత్తాలో. ఆ రోజుల్లో మా వైపు వాళ్ళకి హౌరా మెయిలెక్కితే కలకత్తా, దిగితే విజయనగరం. మద్రాసు కంటే అదే దగ్గర ఊరులా ఉండేది. అక్కడ కేబుల్ పనిలో హెల్పరుగా చేరి, జాయింటరై, సొంత జిల్లాల వైపు బదిలీ పెట్టుకుని వచ్చేశాడు. కలకత్తాలో టెలిఫోన్లు 1882 జనవరిలోనే మొదలయ్యాయి. బొంబాయి, మద్రాసుల్లోనూ అప్పుడే. కాబట్టి అక్కడ రోడ్డు కింద తరాల తరాల కేబుళ్ళు ఒకదాని మీద ఒకటి ఉండేవట. మనకిలా నేరుగా మట్టిలో పూడ్చడం కాదు. గొట్టాల్లోంచి లాగి, కూడళ్ళలో మనిషి దిగేంత మ్యాన్‌హోళ్ళు కట్టారు. వానాకాలం అవి నీళ్ళతో నిండిపోతాయి. పంపుతో తోడాలి. తోడాక కూడా వెంటనే దిగకూడదు. అటూ ఇటూ ఉన్న మ్యాన్‌హోళ్ళ మూతలు కూడా తీసి గాలి ఆడనివ్వాలి. లోపల గ్యాసు పేరుకుని ఉంటే, సీసం కరిగించే బ్లో ల్యాంపు మంట వెలిగించిన వాడి పని అంతే.

తాత ఆ కథలు చెబుతుంటే మాకు మా గోతులు స్వర్గంలా అనిపించేవి. ఆయనకి మాత్రం మా ఊరు పనే ఆనలేదు. "కలకత్తాల మట్టి మెత్తన. కేబుల్ దాని మాటున అది తొంగుంటాది. ఇక్కడ గరప సీసాన్ని గోకేత్తాది" అనేవాడు. అది నిజమే. బండి బరువుకి రోడ్డు అదిరినప్పుడల్లా గరపరాయి సీసాన్ని రాసుకుంటూ ఉంటుంది. ఏళ్ళ తరబడి అదిరితే సీసం అలిసి, సన్నగా పగుళ్ళు వేస్తుంది. పైకి చూస్తే ఏమీ కనపడదు.

జాయింట్ పని మొదలయ్యే ముందు తాత మా చేతులు చూసేవాడు. చెమట ఉంటే దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"తడంటే వాన నీళ్ళేనేటిరా గుంటడా? నీ సెయ్యి సెమట తడి కాదేటి?"

మే నెల విజయనగరంలో, మీటరు లోతు గోతిలో, పక్కన బ్లో ల్యాంపు మండుతుంటే చెమట పట్టకుండా ఉండటం ఎలాగో ఆయన చెప్పలేదు. తను మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని, నిమిషానికోసారి చేతులు తుడుచుకుంటూ కూర్చునేవాడు. పెయిర్ తర్వాత పెయిర్. ఇటు తీగకి సన్నటి కాగితపు గొట్టం తొడిగి, అటు తీగతో కలిపి మెలిపెట్టి, గొట్టాన్ని ఆ మెలిక మీదకి జరపడం. ఎనిమిదొందల పెయిర్ల కేబుల్ అంటే పదహారొందల మెలికలు. ఏ తీగ ఏదో తెలియడానికి అటు ఎక్స్ఛేంజీలో ఒకడు బజర్ పెట్టి కూర్చుంటాడు, ఇటు గోతిలో మేం చెవికి రిసీవర్ పెట్టుకుని వెతుకుతాం. పని మధ్యలో ఎవరో ఎవరికో ఫోన్ చేస్తే ఆ రింగు కరెంటు మా వేళ్ళకి చురుక్కుమనేది. మామూలుగా లైన్లో ఉండే యాభై ఓల్టులు తెలియవు. రింగుకొచ్చే డెబ్బై అయిదు మాత్రం బాగా తెలుస్తుంది, అందులోనూ చెయ్యి తడిగా ఉంటే. "ఎవుడో పిలుస్తున్నాడు, పలకరా" అని తాత నవ్వేవాడు.

మెలికలన్నీ అయ్యాక మైనం. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. పారఫిన్ మైనాన్ని ఇనుప కుండలో కాచి, గరిటెతో జాయింట్ మీద పోస్తారు. కాగితంలో ఏ మాత్రం తడి ఉన్నా మైనం నురగ కట్టి చిటపటలాడుతుంది. మళ్ళీ పోస్తారు, మళ్ళీ చిటపట. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా పోస్తూనే ఉంటారు. తడి పోయిందో లేదో కొలిచి చూసే మీటర్లూ మెగ్గర్లూ మా దగ్గరా ఉండేవి. కానీ తాత ముందు చెవితో ఒప్పుకుంటేనే మెగ్గర్ తీయనిచ్చేవాడు. మా జూనియర్ ఇంజనీరు, అంటే జేఈ గారు, కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి మెగ్గర్ చూసి "చాలు, మూసెయ్యండి" అన్నారు. తాత ఆయన మొహం కూడా చూడకుండా ఇంకో గరిటె పోశాడు. చిటపటమంది. జేఈ గారు ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆయన మా గోతుల దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక స్టూలు తెచ్చుకుని కూర్చునేవారు.

ఆపైన సీసం గొట్టాన్ని జాయింట్ మీదకి జరిపి, రెండు చివర్లా కేబుల్ తొడుగుతో అతకాలి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాన్నే తగరంతో తగుపాళ్ళలో కలిపితే 183 దగ్గర నుంచే మెత్తబడి, కాసేపు ముద్దలా ఉంటుంది, వెంటనే గట్టిపడదు. ఆ కాసేపట్లోనే కొవ్వు రాసిన మందపాటి గుడ్డ అరచేతిలో పెట్టుకుని, కాలుతున్న ఆ ముద్దని గొట్టం చుట్టూ తిప్పి నున్నగా దిద్దాలి. తాత దిద్దిన అతుకు కుమ్మరి చేతిలోంచి వచ్చిన కుండ మెడలా ఉండేది. నాకు ఆ గుడ్డ పట్టుకునే అవకాశం రావడానికి ఏళ్ళు పట్టింది, అదీ చిన్న కేబుళ్ళ మీద. పని అయ్యాక సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగితే గానీ చోడి అంబలి గిన్నె ముట్టనిచ్చేవాడు కాదు. సీసం కడుపులోకి పోతే ఏమవుతుందో కలకత్తాలో చూశానని మాత్రం అన్నాడు, ఎవరిని చూశాడో చెప్పలేదు.

ఫాల్ట్ వచ్చిన సంగతి మాకు 198, అంటే ఫోన్ కంప్లయింట్ల నంబరు, ద్వారా తెలిసేది. ఒకటో రెండో ఫోన్లు పోతే అది స్తంభం మీద ఇళ్ళకి తీగలు పంచే డీపీ పెట్టె దగ్గరో, ఇంట్లోకెళ్ళే తీగ దగ్గరో ఉంటుంది. ఒకే పేటలో వరసగా ఇరవై కంప్లయింట్లు వస్తే భూమిలోనే. వాటిలో కూడా మాటలు భలే ఉండేవి. "మా ఫోన్లో గోదావరి హోరండీ" అని ఒకరు, "మా ఫోన్లో ఎవరిదో పెళ్ళి సంబంధం మాట్లాడుతున్నారండీ" అని ఇంకొకరు. కాగితం తడిస్తే ఒక పెయిర్ మాట పక్క పెయిర్‌లోకి కారుతుంది. ఒకసారి దాసన్నపేటలో అలా విన్న సంబంధం గురించి వినేవాడే వెళ్ళి వాకబు చేసి, "పిల్లాడు మంచోడేనండీ" అని అవతలివాళ్ళకి చెప్పి వచ్చాడట. లైన్‌మన్ చెప్పిన కథ, సగం తగ్గించి నమ్మాలి.

తడి ఎక్కడ దిగిందో పట్టడానికి బ్రిడ్జి అనే కొలిచే పరికరం ఉండేది. పాడైన తీగనీ, బాగున్న తీగనీ అవతలి చివర కలిపేసి, ఇటునుంచి కొలిస్తే, పోయి వచ్చే మొత్తం దారిలో ఎన్నో వంతు దగ్గర కరెంటు భూమిలోకి జారుతోందో అది చెబుతుంది. లెక్క కట్టి, "కేబినెట్ (రోడ్డు పక్క కేబుళ్ళ పెట్టె) నుంచి ఇన్ని మీటర్లు" అని చీటీ రాసిచ్చేవారు. చీటీ కరెక్టే. కానీ కేబుల్ వేసినవాళ్ళు ప్రతి జాయింటు దగ్గరా మళ్ళీ పనికొస్తుందని కాస్త ఎక్కువ కేబుల్ చుట్టి వదిలేవారు. ఆ మెలికలు కాగితం మీద ఉండవు. రోడ్డు మీద టేపు పెట్టి కొలిస్తే, చీటీలో ఉన్న చోటూ నిజంగా చిల్లు పడిన చోటూ అయిదారు మీటర్లు తేడా వచ్చేవి. ఆ తేడా ఎటువైపో తెలిసినవాడే మా దగ్గర మొనగాడు.

ఇంక మ్యాపుల సంగతి. ఆఫీసులో రూటు పుస్తకాలు ఉండేవి. "వేపచెట్టు నుంచి తూర్పుకి ఇన్ని అడుగులు", "సోడా దుకాణం గోడ నుంచి ఇన్ని అడుగులు" అని రాసి. చెట్టు ఎప్పుడో పడిపోయింది. సోడా దుకాణం రెండంతస్తుల చీరల కొట్టయింది, గోడ కూడా ముందుకొచ్చింది. పుస్తకం అబద్ధం చెప్పలేదు, ఊరే జరిగిపోయింది. గంటస్తంభం, కోట గోడ, అయ్యకోనేరు గట్టు లాంటివి మాత్రం జరగవు కాబట్టి వాటినుంచి కొలిచిన జాయింట్లు ఎప్పుడూ దొరికేవి. మిగతావి తాత నెత్తిలో ఉండేవి. ఏ పేటలో ఏ వేసవిలో ఏ గొయ్యి తవ్వామో, ఆ రోజు ఎవరింట్లోంచి మజ్జిగ తెచ్చి ఇచ్చారో కూడా చెప్పి, ఆ ఇంటి గుమ్మాన్ని బట్టి జాయింటు చూపించేవాడు.

ఎనభైల చివర్లో ఒక ఏడు పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. విజయదశమి వెళ్ళిన మంగళవారం సిరిమాను, ముందురోజు సోమవారం తొలేళ్ళు. సిరిమాను మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. అంత పొడుగు చింతమాను చివర పూజారి ఆకాశంలో కూర్చుని వస్తుంటే దారికి అడ్డంగా తీగ ఉండకూడదు. అందుకని మా పైతీగలన్నీ ముందే విప్పేసేవాళ్ళం, కరెంటు వాళ్ళు వాళ్ళవి విప్పేవారు. భూమిలోవాటికి భయం లేదని అందరూ అనుకునేవారు. తాత మాత్రం పండగ వారం ముందు నుంచే దారి పొడుగునా తిరుగుతూ పందిళ్ళు వేసేవాళ్ళతో గొడవపడేవాడు. పందిరి గుంజకి గొయ్యి తియ్యాలంటే వాళ్ళు గునపం ఎత్తి దించడమే. పక్క వీధుల్లోకి పోయే చిన్న కేబుళ్ళు అంత లోతున ఉండవు.

ఆ ఏడు తొలేళ్ళ సాయంత్రం వాన. కోట దగ్గర ఒక కేబుల్ మొత్తం హోరెత్తిపోయింది. ఆ వైపు పండగ బందోబస్తు వాళ్ళకి ఇచ్చిన ఫోన్లు కూడా దాంట్లోనే. బ్రిడ్జి చీటీ అక్కర్లేకపోయింది. తాత నేరుగా వెళ్ళి, బొమ్మల దుకాణం పందిరి గుంజలు ఒక్కొక్కటే చూసి, ఒకదాని దగ్గర ఆగాడు. దుకాణం ఆవిడ శాపనార్థాలు పెట్టింది. గుంజ పీకితే పందిరి పడిపోతుంది, బొమ్మలు తడుస్తాయి, రేపు అమ్మకం పోతుంది. చివరికి మేమే ఇద్దరం ఆ గుంజ బదులు భుజాల మీద పందిరి మోస్తూ నిలబడితే, మిగతావాళ్ళు కింద తవ్వారు. సరిగ్గా అక్కడే. సీసంలో గునపం మొన అచ్చు, లోపలికి నీళ్ళు.

తడిసిన ముక్క కోసేసి, రెండు జాయింట్ల మధ్య కొత్త ముక్క వెయ్యాలి. పైన టార్పాలిన్, పెట్రోమాక్స్ వెలుగు, చుట్టూ జాతర జనం. ఎవరో ఒకరు టార్పాలిన్ ఎత్తి "ఏటి బావూ, అమ్మోరి కేటన్నా సేత్తున్నారేటి?" అని అడిగేవారు. ఆ వానగాలికి మైనం ఎంత పోసినా చిటపట ఆగట్లేదు. జేఈ గారు పైన గొడుగు పట్టుకుని నిలబడి గంటకోసారి టైము చెప్పేవారు, ఎవరూ అడక్కపోయినా. తెల్లవారుజామున ఎప్పుడో మైనం నోరు మూసింది. సిరిమాను ముందు నడిచే అంజలి రథం కదిలేసరికి ఫోన్లు పలికాయి. మేం మాత్రం సిరిమాను చూడలేదు, ఆఫీసులో బల్లల మీద పడి నిద్రపోయాం. దుకాణం ఆవిడ తర్వాత మా అందరికీ తలా ఒక లక్కబొమ్మ ఇచ్చింది. నాకొచ్చిన ఏనుగుకి తొండం లేదు.

కేబుళ్ళు ముసలివై పాడవుతాయని అందరూ అంటారు. నేనొప్పుకోను. నా సర్వీసంతా చూసింది చెబుతున్నాను. ఎవరూ ముట్టుకోని సీసం కేబుల్ మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. చంపేవి గునపాలు, ఆ తర్వాత జేసీబీలు. నీళ్ళ పైపులకొకరు తవ్వుతారు, కాలవలకొకరు, రోడ్డు వెడల్పుకొకరు. ముందు రోజు మాకొక మాట చెబితే ఒక మజ్దూరు వెళ్ళి నిలబడేవాడు, అంతకంటే ఖర్చు లేదు. చెప్పేవారు కాదు. ఒక్కో గునపపు దెబ్బకి రెండు కొత్త జాయింట్లు పడతాయి, రెండు జాయింట్లంటే నీళ్ళు దిగడానికి నాలుగు కొత్త అతుకులు. అలా పాతికేళ్ళు పోయాక కేబుల్‌లో అసలు కేబుల్ కంటే అతుకులే ఎక్కువవుతాయి. అప్పుడు "పాత కేబుల్, మార్చేయాలి" అని ఫైలు రాస్తారు. పందికొక్కులు కూడా సీసం కొరుకుతాయి. అవి మాత్రం ఏం చేస్తాయి, పళ్ళు అరగదీసుకోవాలి.

పాతకాలపు ఇంజనీర్ల తెలివి ఒకటి చెప్పాలి. ఎక్స్ఛేంజీ బ్యాటరీలో పాజిటివ్ వైపుని భూమికి కలుపుతారు, లైన్లోకి నెగెటివ్ పంపుతారు. కొత్తలో నాకిది తిరకాసుగా అనిపించేది. తడి నేలలో తీగలోంచి కరెంటు కారినప్పుడు, తీగ పాజిటివ్‌గా ఉంటే రాగి కరిగిపోతూ ఉంటుంది. నెగెటివ్‌గా ఉంటే నిలుస్తుంది. అంటే తడి ఎప్పటికైనా దిగుతుందని వాళ్ళకి ముందే తెలుసన్న మాట.

తర్వాత జెల్లీ కేబుళ్ళు వచ్చాయి. కాగితం బదులు ప్లాస్టిక్, ఖాళీల్లో వాజెలైన్ లాంటి జెల్లీ. నీళ్ళు దిగినా పాకలేవు. తీగలకి రంగులు కూడా ఉన్నాయి: తెలుపు-నీలం, తెలుపు-నారింజ, తెలుపు-ఆకుపచ్చ, ఇలా. బజర్ పెట్టి వెతకక్కర్లేదు. బొత్తాం అంత కనెక్టర్‌లో రెండు తీగలు దూర్చి ప్లయర్‌తో నొక్కడమే. మీద సీసం గొట్టం బదులు వేడికి ముడుచుకునే తొడుగు. పని సులువైంది, ఒప్పుకోవాలి. 1990ల్లో ఊరంతా ఎస్టీడీ బూత్‌లు, ఇంటింటా ఫోన్ అప్లికేషన్లు, ఆ వేగం సీసంతో అయ్యేది కాదు. చేతులకంటిన జెల్లీ మాత్రం కిరసనాయిలుతో కడిగినా పోదు. అన్నంలో ఆ వాసనకి మా ఇంట్లో ఆవిడ చాలా కాలం నాకు విడిగా కంచం పెట్టింది. తాత అప్పటికే రిటైరయ్యాడు. ఒకసారి జెల్లీ జాయింట్ చూపిద్దామని గోతి దగ్గరికి తీసుకెళ్ళాను. వేలితో తీసి వాసన చూసి, "ఇది పనా, తలకి రాసుకునే నూనా?" అని వెళ్ళిపోయాడు.

2000 అక్టోబరు 1న డిపార్ట్‌మెంటు బీఎస్ఎన్ఎల్ అయింది. సెల్‌ఫోన్లు వచ్చాక ల్యాండ్‌లైన్లు ఒక్కొక్కటీ సరెండర్ అవుతుంటే, కేబుళ్ళలో ఖాళీ పెయిర్లు పెరిగాయి. ఒక పెయిర్ పాడైతే పక్క ఖాళీ పెయిర్‌లోకి మార్చేయడం, గొయ్యి తవ్వే పనే తప్పింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటినప్పుడు మా ఊళ్ళోనూ స్తంభాలు వరసగా పడుకున్నాయి. కరెంటు లేదు, సెల్లు లేదు. మా వీధి చివర ఒక డాక్టరు గారింటికి కేబుల్ స్తంభం ఎక్కకుండా నేలలోంచే లోపలికి వెళ్ళేది. ఆ ఇంట్లో ల్యాండ్‌లైన్ మోగింది. ఫోన్‌కి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీ నుంచి ఆ తీగలోనే వస్తుంది కదా. హైదరాబాదులో, బెంగళూరులో పిల్లలున్న వాళ్ళందరూ రెండు రోజులు ఆ వరండాలో క్యూ కట్టారు.

2020 జనవరి ఆఖరున బీఎస్ఎన్ఎల్‌లో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్న వేలమందిలో నేనొకణ్ణి. నాకెలాగూ రిటైర్మెంటు దగ్గరకొచ్చింది. మా అక్క కొడుకు ఇప్పుడు విశాఖలో కరెంటు కేబుళ్ళ పనిలో ఉన్నాడు. హుద్‌హుద్ తర్వాత అక్కడ ప్రపంచ బ్యాంకు సాయంతో లైన్లు భూమిలోకి దించారు కదా, ఆ వైపు. వాళ్ళవి కొత్త రకం ప్లాస్టిక్ కేబుళ్ళు, పదకొండు వేల ఓల్టులు. ఫాల్ట్ వస్తే థంపర్ అని ఒక యంత్రంతో కేబుల్‌లోకి ఉండుండి పెద్ద దెబ్బలాంటి కరెంటు కొడతారు. పాడైన చోట భూమిలో ధబ్‌మని చప్పుడవుతుంది. ఒక కుర్రాడు చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని రోడ్డు మీద మైకు ఆనిస్తూ నడుస్తాడు. "ఇంకా చెవితోనేనా!" అన్నాను. వాడికి నా సంబరం అర్థం కాలేదు. ఆ ప్లాస్టిక్‌లోకీ ఏళ్ళు గడిచేకొద్దీ తడి కొమ్మలు కొమ్మలుగా పాకి చివరికి ఫట్‌మంటుందట, దాన్ని వాటర్ ట్రీయింగ్ అంటారట. జాయింట్లు వేసేటప్పుడు చేతులు తుడుచుకుంటారా అని అడిగాను. గ్లౌజులుంటాయి మావయ్యా అన్నాడు. గ్లౌజుల్లో చెమట పట్టదా?

మా బ్యాచ్ వాళ్ళం ఇప్పటికీ సాయంత్రాలు పెద్దచెరువు గట్టు వైపు నడకకి వెళ్ళినప్పుడు కలుస్తుంటాం. షుగరు, మోకాళ్ళు, పిల్లల అమెరికా అయ్యాక ఎవడో ఒకడు జాయింట్ల మాటెత్తుతాడు. కంటోన్మెంటు రోడ్డులో ఒక ఎనిమిదొందల పెయిర్ల జాయింటు ఉంది. తాత చేతిదే. అది రోడ్డుకి ఉత్తరం వైపు అని నేను, దక్షిణం వైపు అని నాతో పాటే చేరిన మజ్దూరు. ఆ రోజు మజ్జిగ ఇచ్చిన ఇల్లు ఎటువైపో నాకు బాగా గుర్తు. అతనికీ బాగానే గుర్తట, కాకపోతే ఆ రోజు ఇచ్చింది మజ్జిగ కాదు, నిమ్మరసం అంటాడు.